‘ఇక ఇంతే’ అన్న మాట



కాలో చెయ్యో విరిగిందంటే ఎన్నాళ్లకి అతుక్కుంటుందో చెప్పేవాళ్లు ఊరికి నలుగురుంటారు. తలకి దెబ్బ తగిలిందంటే మాత్రం అందరి నోళ్లూ మూతపడిపోతాయి. మన కోనసీమలో కొబ్బరి దింపుకి చెట్టెక్కి జారిపడ్డవాళ్లు, కాలవగట్టు రోడ్డు మీద మోటారు సైకిలు తిరగబడ్డవాళ్లు, నీళ్లగదిలో కాలుజారి గచ్చుకి తల కొట్టుకున్న ముసలమ్మలు, రక్తపోటు పెరిగి తెల్లారేసరికి ఒక పక్క పడిపోయినవాళ్లు, ఎవరింటి సంగతి తీసుకున్నా కథ ఒక్కలాగే నడుస్తుంది. మొదటి నాలుగు రోజులూ బతుకుతారా అన్న భయం. ‘ప్రాణానికి ముప్పు లేదు’ అని డాక్టరుగారు చెప్పాక అసలు బెంగ మొదలవుతుంది. లేచి నడుస్తారా? మాట వస్తుందా? మునుపటి మనిషి అవుతారా?

అప్పుడు పలకరించడానికి వచ్చిన చుట్టాలు ఇల్లాలితో రెండు రకాల మాటలు చెబుతారు. కొందరు ‘దేవుడున్నాడు, అంతా బాగైపోతుంది’ అంటారు. కొందరు ‘ఇక ఇంతేనమ్మా, గుండె దిటవు చేసుకో’ అంటారు. రెండూ ప్రేమతో అన్న మాటలే. కాని ఆ ఇల్లాలు రెంటిలో దేన్ని నమ్మిందన్న దాన్ని బట్టి మంచంలో ఉన్న మనిషి బతుకు మారిపోతుంది. అంచేత ఈ పూట, మెదడుకి దెబ్బ తగిలినవాళ్ల గురించి లోకం ఏమేం అనుకుంటూ వచ్చింది, అందులో ఆశ అన్నది ఎక్కడ నిలబడింది అన్న చరిత్ర కాస్త చెప్పుకుందాం. నేను డాక్టర్ని కాను. చదివి తెలుసుకున్నది నా మాటల్లో చెబుతున్నాను, అంతే.

ఈ చరిత్రకి మనకి దొరికిన మొదటి పుట ఈజిప్టు దేశంలో ఉంది. 1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికా ఆయన లక్సర్ ఊళ్లో ఒక పాత తాళపత్రం లాంటి పపైరస్ చుట్టని కొన్నాడు. క్రీస్తు పూర్వం సుమారు 1600 నాటిదది. దాన్ని పండితులు చదివి 1930లో అచ్చువేశారు. అందులో 48 మంది రోగుల సంగతులున్నాయి. వాటిలో చాలా భాగం తలకి, మెడకి తగిలిన దెబ్బలే. తలకి దెబ్బ తగిలి మాట పడిపోయిన మనిషి సంగతి కూడా ఉంది. ప్రతి రోగినీ పరీక్షించాక వైద్యుడు మూడు తీర్పుల్లో ఒకటి చెప్పాలి. ఇది నయం చేయదగ్గది అనేది ఒకటి. దీనితో నేను పెనుగులాడి చూస్తాను అనేది రెండోది. దీనికి చేయగలిగిందేమీ లేదు అనేది మూడోది.

ఆ రెండో తీర్పు ఎంత మంచిదో చూశారా? నయమవుతుందని మాట ఇవ్వడం లేదు. కాదని చేతులు దులుపుకోవడమూ లేదు. పట్టు వదలకుండా చూస్తానంటున్నాడు. మూడువేల ఆరువందల ఏళ్ల కిందట ఆ వైద్యుడికి తోచిన ఆ మధ్యమార్గం తర్వాత చాలాకాలం మరుగున పడిపోయింది.

మన దేశంలోనూ తలకి చికిత్స చేసిన ఆనవాళ్లున్నాయి. కాశ్మీరంలో బూర్జహోమ్ అనే చోట నవీన శిలాయుగం నాటి పుర్రె ఒకటి తవ్వకాల్లో దొరికింది. బతికుండగానే దానికి రంధ్రాలు పెట్టినట్టు గుర్తులున్నాయి. భోజమహారాజు తలనొప్పి కథ మీరు విన్నారో లేదో. ఇద్దరు వైద్యులు వచ్చి, ఆయనకి మత్తిచ్చి, కపాలం తెరిచి చికిత్స చేశారని భోజప్రబంధంలో ఉంది. కథే అయినా అలాంటి ఊహ మనవాళ్లకి ఉందన్నది నిజం. పక్షవాతాన్ని ఆయుర్వేదం వాతరోగాల్లో చేర్చి, తైలాలూ మర్దనా చెప్పింది. పల్లెల్లో మాత్రం గాలి సోకిందనేవారు, దృష్టి తగిలిందనేవారు, పావురం నెత్తురు పూసేవారు. పుయ్యడం వల్ల ఒరిగిందేమీ లేదు, విలువైన వేళ పోవడం తప్ప.

ఇక ఆధునిక వైద్యం దగ్గరికొస్తే, 1848లో అమెరికాలో ఒక వింత జరిగింది. వెర్మాంట్ రాష్ట్రంలో రైలుదారి కోసం కొండరాళ్లు పేలుస్తున్నప్పుడు ఫీనియస్ గేజ్ అనే 25 ఏళ్ల మేస్త్రీకి ఆపద వచ్చింది. మందుగుండు కూరే మూడున్నర అడుగుల ఇనపగునపం ఎగిరి, ఎడమ బుగ్గలోంచి దూరి నడినెత్తి మీంచి బయటికి పోయింది. ఆయన బతికాడు! డాక్టరు హార్లో చూపిన శ్రద్ధతో రెండు మూడు నెలల్లో ఇంటికి కూడా వెళ్లాడు. కాని మనిషి మారిపోయాడు. నెమ్మదస్తుడన్న పేరున్నవాడు దురుసుగా, నిలకడ లేకుండా తయారయ్యాడని డాక్టరు రాశాడు. వైద్య పుస్తకాలు ఏళ్లతరబడి ఈ కథని ఇక్కడితోనే ఆపేశాయి. తరువాయి కథ ఏమిటంటే, గేజ్ చిలీ దేశానికి వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపు బళ్లు తోలాడు. రోజూ ఒకే వేళకి లేవడం, గుర్రాలు కట్టడం, ప్రయాణీకులతో మర్యాదగా మెలగడం, తెలిసిన బాటన నడపడం, ఇవన్నీ మతి చెదిరినవాడి వల్ల అయ్యే పనులు కావు. క్రమం తప్పని పని ఆయన్ని చాలావరకు మళ్లీ మనిషిని చేసి ఉంటుందని ఈమధ్య పరిశోధకులు అంటున్నారు. ఆయన 1860లో మూర్ఛలు వచ్చి పోయాడు. అయినా దెబ్బ తగిలిన తర్వాత 11 ఏళ్ల పైన బతికాడు, కష్టపడి తిన్నాడు.

ఆ మరుసటేడు, 1861లో, పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఏమడిగినా ‘టాన్’ అన్న ఒక్క ముక్క తప్ప ఆయన నోట మరో మాట రాదు. ఆయన పోయాక మెదడు తీసి చూస్తే, ఎడమ పక్క ముందు భాగంలో దెబ్బతిని ఉంది. మాటకి మెదడులో చోటెక్కడో అలా తెలిసింది. మెదడులో ఒక్కో పనికి ఒక్కో చోటుందన్న ఈ జ్ఞానం గొప్పదే. కాని దాని వెనకే ఒక నిరాశ కూడా వచ్చింది. చోటు పోతే పనీ పోయినట్టే కదా అని చాలామంది అనుకున్నారు. బ్రోకా మాత్రం, చంటిపిల్లలకి మాటలు నేర్పే ఓపికతో ఇలాంటివారికి నేర్పితే మెదడులో రెండో పక్క కొంత పని అందుకోవచ్చునేమో అన్నాడు. ఆయన మాట అప్పుడు ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

తర్వాత స్పెయిన్ దేశపు మహాపండితుడు రమోన్ ఇ కహాల్ వచ్చాడు. నరాల కణాలని సూక్ష్మదర్శినిలో చూసి చూసి బొమ్మలు గీసిన ఆయనకి 1906లో నోబెల్ బహుమతి వచ్చింది. పెద్దవాళ్ల మెదడులో దారులు ఒకసారి ఏర్పడ్డాక మారవనీ, చచ్చిన కణం తిరిగి పుట్టదనీ ఆయన 1910ల్లో రాశాడు. ఈ కఠినమైన శాసనాన్ని వీలైతే రేపటి శాస్త్రం మార్చాలని కూడా ఆయనే రాశాడు. లోకం మొదటి సగాన్ని పట్టుకుని రెండో సగాన్ని వదిలేసింది. అలా ‘ఇక ఇంతే’ అన్న ముసలమ్మల మాటకి శాస్త్రం ముద్ర కూడా పడింది. ఆసుపత్రుల్లో పక్షవాత రోగిని శుభ్రంగా పడుకోబెట్టి, వేళకి అన్నం పెట్టి ఊరుకునేవారు.

ఆ ముద్ర మొదట చెదిరింది యుద్ధాల వల్ల. మొదటి ప్రపంచయుద్ధంలో తలలకి తూటాలు తగిలిన కుర్రవాళ్లు వేలకి వేలు ఇళ్లకి వచ్చారు. ఇరవై ఏళ్ల పిల్లాణ్ణి ఇక ఇంతేనని ఎలా వదిలేస్తారు? జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కుర్ట్ గోల్డ్‌స్టైన్ అనే డాక్టరు అలాంటి సైనికుల కోసం ఒక సంస్థ పెట్టి, మాటలూ చేతిపనులూ మళ్లీ నేర్పించాడు. రెండో ప్రపంచయుద్ధంలో రష్యాలో అలెగ్జాండర్ లూరియా ఆ పనే చేశాడు.

లూరియా రోగుల్లో జసెత్‌స్కీ అనే కుర్రవాడి కథ చదివితే కళ్లు చెమరుస్తాయి. 1943 మార్చిలో 23 ఏళ్ల వయసులో అతని తలకి తూటా తగిలింది. చదువుకున్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. అక్షరాలు గుర్తులేవు. కుడివైపు లోకం కనబడదు. సొంత వాకిట్లోంచి బయటికి వెళితే తిరిగి ఇల్లు చేరలేడు. అక్షరం ఒక్కొక్కటే గీయబోతే చెయ్యి సాగేది కాదు. ఒకనాడు డాక్టరు, అక్షరం గురించి ఆలోచించకుండా చెయ్యెత్తకుండా గబగబా రాసెయ్యమన్నాడు. చెయ్యి రాసేసింది! చేతికి గుర్తున్న దారి మెదడులో ఇంకా మిగిలే ఉందన్నమాట. ఆ ఒక్క దారి పట్టుకుని, తల్లీ అక్కచెల్లెళ్లూ ఉన్న ఇంట్లో కూచుని, సుమారు 25 ఏళ్లలో మూడువేల పుటలు రాశాడు. రాసింది తానే చదువుకోలేకపోయేవాడు. పూర్తిగా నయం కాలేదు, అవుతుందని లూరియా చెప్పనూ లేదు. అయినా రోజూ రాశాడు.

మరి మన దగ్గర సంగతి ఏమిటి? మన గోదావరి మండలాల్లో తలకి దెబ్బ తగిలితే ఆ రోజుల్లో ముందు దాటవలసింది నదిని. రాజమండ్రి, కొవ్వూరు మధ్య హేవ్‌లాక్ రైలు వంతెన 1900లో వచ్చింది. మోటారు కార్లు కూడా పోయే రోడ్డు రైలు వంతెన 1974 దాకా లేదు. కోనసీమ లంకల నుంచి రోగిని రేవుకి మోసి, పడవెక్కించి, అవతలి గట్టున బండి చూసుకోవాలి. యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన 2002లో గాని పడలేదు. విశాఖపట్నంలో వైద్య కళాశాల 1923లో, మన కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958లో వచ్చాయి. మెదడుకి ఆపరేషను చేసే ప్రత్యేక విభాగం దేశంలోనే మొదటిసారి 1949లో వెల్లూరు క్రైస్తవ ఆసుపత్రిలో డాక్టరు జేకబ్ చాందీ పెట్టారు. 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టరు బి. రామమూర్తి మొదలుపెట్టారు. మనవాళ్లకి మద్రాసు రైలే దిక్కయిన రోజులవి. తల తెరవకుండానే లోపల ఏముందో చూపించే సి.టి. స్కానింగు లోకంలో మొదటి రోగికి తీసింది 1971లో. ఇవాళ ఆ స్కానింగు మన జిల్లా కేంద్రాల్లోనే ఉంది.

ఇలా ప్రాణాలు నిలబెట్టే విద్య ఊరికి దగ్గరగా వచ్చింది. దానివల్ల ఒక కొత్త సంగతి ఏర్పడింది. పూర్వం చనిపోయేవాళ్లు ఇప్పుడు బతికి ఇంటికొస్తున్నారు. ఆసుపత్రి వాళ్లు పది ఇరవై రోజుల్లో పంపేస్తారు. తరవాత ఏళ్లకి ఏళ్లు సాగే వైద్యం ఎక్కడ జరగాలి? మన వంటింటి పక్క గదిలో. చేసేది ఎవరు? మనమే. ఈ ఇంటి వైద్యం విలువ లోకానికి చాటిన రెండు కథలు 1960ల్లోనే జరిగాయి. రెండూ ఇళ్లల్లో జరిగినవే, అంచేత మనం తప్పక తెలుసుకోవాలి.

ఒకటి పెట్రీషియా నీల్ అనే హాలీవుడ్ నటిది. 1965 ఫిబ్రవరిలో, 39 ఏళ్ల వయసులో, కడుపుతో ఉండగా ఆమె మెదడులో నరాలు చిట్లాయి. మూడు వారాలు స్పృహ లేదు. లేచాక కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. భర్త రోల్డ్ డాల్, పిల్లల కథలు రాసిన పెద్ద రచయిత. ఆ దంపతులకి ఈ బాధ కొత్త కాదు. 1960లో నెలల పసివాడైన కొడుకు తోపుడుబండిని టాక్సీ గుద్ది, బిడ్డ తలకి దెబ్బ తగిలింది. మెదడులో చేరే నీరు దించే గొట్టం మాటిమాటికీ పూడుకుపోతూంటే, డాల్ ఒక ఇంజనీరునీ ఒక డాక్టరునీ కలుపుకుని మెరుగైన కవాటం తయారు చేయించాడు. తర్వాత లోకంలో ఎందరో పసిపిల్లలకి అది అక్కరకొచ్చింది.

భార్య విషయంలోనూ ఆయన ఊరుకోలేదు. ఇంగ్లండులో వాళ్లుండే పల్లెలోని ఇరుగుపొరుగుల్ని వంతులు వేసి పిలిపించాడు. వాళ్లేమీ వైద్యం చదివినవాళ్లు కారు, ఎక్కువమంది మనలాంటి గృహిణులే. ఒకరొచ్చి చదివించేవారు, ఒకరు లెక్కలు చేయించేవారు, ఒకరు పేకాడించేవారు. వాళ్లలో వాలెరీ ఈటన్ గ్రిఫిత్ అనే ఆవిడ నెలల తరబడి ఆమె పక్కనే కూచుంది. 1965 ఆగస్టులో బిడ్డ పుట్టింది. 1968లో వచ్చిన ఒక సినిమాలో పెట్రీషియా మళ్లీ నటించింది. ఆస్కారు బహుమతి పరిశీలనకి ఆమె పేరు వెళ్లింది. గ్రిఫిత్‌గారు తన అనుభవాన్ని 1970లో పుస్తకంగా రాస్తే, ఇలాంటి ఇరుగుపొరుగు సేవ ఇంగ్లండులో మరెన్నో ఊళ్లకి పాకింది.

అయితే అందులో ఒక చేదు కూడా ఉంది. పేరు పలికితే గాని అడిగిన వస్తువు ఇవ్వకపోవడం లాంటి కఠినపు పద్ధతులు డాల్‌వి. ఒకోసారి పెట్రీషియాకి బతుకే వద్దనిపించింది. ఆశ పేరు చెప్పి మనిషిని నలిపెయ్యకూడదన్న పాఠం కూడా ఇందులో ఉంది.

రెండో కథ పెద్రో బాక్ ఇ రీతా అనే ముసలి పంతులుగారిది. న్యూయార్కులో కళాశాల ఉపాధ్యాయుడు. 1959లో పక్షవాతం వచ్చి పక్క పడిపోయింది, మాట పోయింది. వైద్యులు ఆశ లేదన్నారు. ఆయన కొడుకుల్లో ఒకడు అప్పటికి వైద్య విద్యార్థి. పక్షవాతానికి చికిత్స ఏమిటో ఇంకా చదువుకోలేదు కనక ‘కాదు’ అన్న సంగతి కూడా ఆ కుర్రాడికి తెలియదు! చంటిపిల్లలు నడక ఎలా నేర్చుకుంటారో అలాగే నేర్పుతానన్నాడు. తండ్రిని నేల మీద దోగాడించాడు, గోడ పట్టుకుని పాకించాడు. గోళీలు ఏరించాడు. చచ్చుపడ్డ చేతిని గిన్నెలో పెట్టి, పదిహేను నిమిషాలు ఇటు తిప్పమనీ పదిహేను నిమిషాలు అటు తిప్పమనీ అంట్లు తోమించాడు. మనం రోజూ విసుక్కుంటూ చేసే అంట్ల పని అక్కడ ఔషధమయింది. నెలలు, ఏళ్లు పట్టింది గాని ఆయన మళ్లీ కళాశాలకి వెళ్లి పాఠాలు చెప్పారు. ఏడేళ్ల తరవాత కొలంబియాలో కొండ ఎక్కుతూ గుండెపోటుతో పోయారు. అప్పుడు మెదడు పరీక్షిస్తే, మొదట పక్షవాతంలో పాడైన భాగం పాడైనట్టే ఉంది. ఏమీ మానలేదు. మరి ఆయన నడిచింది, మాట్లాడింది దేనితో?

ఇక్కడ మన డెల్టా వాళ్లకి సులువుగా అర్థమయ్యే ఉపమానం ఒకటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు కదా. అక్కణ్ణుంచి వచ్చే నీరు పెద్దకాలవలోంచి పిల్లకాలవలకి, వాటిలోంచి బోదెలకి వెళ్లి చేను తడుపుతుంది. ఒక కాలవ పూర్తిగా పూడిపోయిందనుకోండి. రైతు ఏం చేస్తాడు? పక్క బోదెకి చిన్న గండి కొట్టి, అటునుంచి నీరు మళ్లిస్తాడు. మొదట సన్నటి ధార వస్తుంది. రోజూ పారించగా పారించగా ఆ దారి వెడల్పవుతుంది. పారించడం మానేస్తే గడ్డి మొలిచి అదీ పూడిపోతుంది. మెదడూ అంతే. చచ్చిన కణాలు బతికి రావు, కహాల్ చెప్పింది ఆ మేరకు నిజం. పక్క దారులు మాత్రం, వాడినకొద్దీ బలపడతాయి. ఈ సంగతి 1980ల నుంచి ఎన్నో ప్రయోగాల్లో రుజువయింది. బాగున్న చేతిని కట్టేసి, పడిపోయిన చేతికే పని చెప్పే చికిత్సని ఎడ్వర్డ్ టాబ్ అనే ఆయన తెచ్చాడు. అద్దంలో మంచి చేతి నీడ చూపించి, మెదడుని మభ్యపెట్టే పద్ధతిని మన మద్రాసులో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో కనిపెట్టారు.

ఇప్పుడు ఆశ మాటకి వద్దాం. ఆశ పడితే నరాలు అతుక్కుంటాయా? అతుక్కోవు. ఆశ చేసే పని వేరు. పక్క దారి పడాలంటే ఒకే కదలికని వందలసార్లు, వేలసార్లు చెయ్యాలి. ఇవాళ ఫలితం కనబడదు, రేపూ కనబడదు. కనబడని ఫలితం కోసం రేపు పొద్దున్న మళ్లీ ఆ పని మొదలుపెట్టించేది ఏదో ఉండాలి కదా. అదే ఆశ. పక్షవాతం వచ్చినవాళ్లలో మూడో వంతు మంది దిగులు జబ్బులో పడిపోతారని డాక్టర్లు చెబుతున్నారు. దిగులు పడ్డవాడు చెయ్యి కదపడు, కదపనివాడికి చెయ్యి రాదు, రాకపోయేసరికి దిగులు మరీ పెరుగుతుంది. ఆ దిగులుకి మందులున్నాయి. అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

అంచేత ఆశని చిన్న చిన్న కొలతల్లో పెట్టుకోవాలి. ‘సంక్రాంతికల్లా మామూలుగా తిరగాలి’ అనుకుంటే సంక్రాంతి నాడు గుండె పగులుతుంది. ‘ఈ వారం చొక్కాకి ఒక బొత్తాం తనే పెట్టుకోవాలి’ అనుకోండి. పెట్టుకున్ననాడు గోడ మీద కాలెండరులో గుర్తు వేసుకోండి. చిక్కుళ్లు వలవమనండి, బియ్యంలో రాళ్లు ఏరమనండి, పప్పు డబ్బా పేరు చెప్పమనండి. మాట రానివారి ఎదుట వారి గురించి ‘ఆయనకి’, ‘ఆవిడకి’ అంటూ పక్కవాళ్లతో చెప్పకండి. వారితోనే మాట్లాడండి. నోట మాట రాకపోయినా చాలామందికి చెవిని పడ్డది అర్థమవుతుంది. మొదటి నెలల్లో మార్పు త్వరగా కనిపిస్తుంది, తరవాత నెమ్మదిస్తుంది. నెమ్మదించింది కదా అని ఆగిపోయిందనుకోకూడదు.

తప్పుడు ఆశ గురించి కూడా చెప్పుకోవాలి. సినిమాల్లో తలకి దెబ్బ తగిలి జ్ఞాపకం పోతుంది, ఆఖరి రీల్లో మరో దెబ్బ తగిలి తిరిగొస్తుంది. అది సినిమావాళ్ల సౌకర్యం, మెదడు పద్ధతి కాదు. వారంలో నడిపిస్తామని వేలకి వేలు గుంజేవాళ్లూ ఉన్నారు. అన్నిటికంటె ప్రమాదం, మొదటి గంటల్లో పసరు కోసమో తాయెత్తు కోసమో పరిగెత్తడం. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డని కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపల పడాలి. మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చెయ్యండి. ఆ సేవ మన రాష్ట్రంలో 2005 నుంచీ ఉంది.

ఇంకో తప్పు కూడా ఉంది. బాగుపడనివాణ్ణి ‘నీకు పట్టుదల లేదు’ అని నిందించడం. దెబ్బ ఎక్కడ తగిలింది, ఎంత లోతుగా తగిలింది అన్నది మనిషి పట్టుదల మీద ఆధారపడదు. ఎంత ఆశపడినా తిరిగిరానివి కొన్ని ఉంటాయి. అప్పుడు ఆశ రూపు మార్చుకోవాలి. మన పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని తలుచుకోండి. ఆయనది మెదడు జబ్బు కాదు, గొంతు జబ్బు. 1963లో కంఠం మూగపోయింది. మాటతో సభల్ని మురిపించిన మనిషి, రేడియోకి ఎన్నో పాటలిచ్చిన మనిషి. ఆ స్వరం మళ్లీ రాలేదు. ఆయన కాగితం మీద రాసి చూపిస్తూ 1980లో కన్నుమూసే దాకా మాట్లాడుతూనే ఉన్నారు, సినిమాలకి పాటలు రాస్తూనే ఉన్నారు. కైకలూరులో పుట్టిన నటుడు నూతన్ ప్రసాద్‌కి 1989లో షూటింగులో ప్రమాదం జరిగి నడుము కిందిభాగం చచ్చుపడింది. కాళ్లు తిరిగి రాలేదు. చక్రాల కుర్చీలో కూచునే 2011లో పోయేలోగా మరెన్నో వేషాలు వేశాడు. పోయినదాని మీది ఆశని ఉన్నదాని మీదికి మళ్లించుకోవడం కూడా ఆశే.

తిరిగొచ్చినవాళ్లూ మన కళ్లెదుటే ఉన్నారు. మొగల్తూరు కొణిదెల వారి ఆడపడుచు కొడుకు, నటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో మోటారు సైకిలు మీంచి పడి రోజుల తరబడి స్పృహ లేకుండా ఉన్నాడు. లేచాక మాట తడబడిందనీ, పలకడానికి చాలా కష్టపడ్డాననీ తానే చెప్పుకున్నాడు. 2023లో ‘విరూపాక్ష’ సినిమాతో మళ్లీ ప్రేక్షకుల ముందుకొచ్చాడు. హెల్మెట్ పెట్టుకోబట్టే బతికానని కుర్రకారుకి చెబుతున్నాడు. మీ పిల్లలు బండి తీసే ముందు ఆ మాట గుర్తు చెయ్యండి.

చివరిగా ఒక్క మాట, రోగి కోసం కాదు, మీకోసం. ఈ చరిత్రంతా తిరగేస్తే డాక్టర్ల పేర్లూ రోగుల పేర్లూ కనిపిస్తాయి. జసెత్‌స్కీ తల్లి పేరు మాత్రం పుస్తకాలు చదివినవాళ్లకీ గుర్తుండదు. మంచం పక్కన రాత్రుళ్లు మేలుకున్న ఆడదాని ఆశ కూడా ఖర్చయిపోయేదే. పెట్రీషియా నీల్ కోలుకోవడానికి ఒక ఊరు వంతులు వేసుకుంది. మన ఇళ్లలో ఆ వంతులన్నీ ఒక్క కోడలి మీదో ఒక్క భార్య మీదో పడతాయి. అలా ఒప్పుకోకండి. కొడుకుని ఓ గంట కూచోమనండి, మరిదిని నడిపించమనండి, పక్కింటి వదినగారిని పేపరు చదివి వినిపించమని అడగండి. మీరు ఓ గంట కన్ను మూసి లేవండి. మీ వీధిలో ఎవరింట్లోనైనా అలాంటి మంచం ఉంటే, పరామర్శకని వెళ్లి కాఫీ తాగి రాకండి. ‘రేపు నా వంతు, మధ్యాహ్నం వస్తాను’ అని చెప్పి రండి.